ప్రియాతెల్, రఫీక్, నెయ్యం: స్నేహితుడి పేర్లు

మస్కట్ శివారులోని అల్ ఖౌద్‌లో, 1986లో మొదలైన సుల్తాన్ ఖబూస్ విశ్వవిద్యాలయం పరిసరాల్లో, తెలుగు వలస కార్మికుడికి తరచూ వినిపించే పిలుపు ‘రఫీక్’. పేరు తెలియని దక్షిణాసియా మనిషిని గల్ఫ్‌లో అలాగే పిలుస్తారు. అరబిక్‌లో దానికి తోడువాడని అర్థం. అదే ధాతువు నుంచి పుట్టిన ‘రిఫ్ఖ్’ అంటే మృదుత్వం. ఇంత మెత్తని మాటను గద్దింపుగా వాడటం తగదు. అరబిక్‌లో స్నేహితుడికున్న మరో మాట ‘సదీఖ్’కు మూలం సత్యం.

స్లావిక్ భాషల్లోకి వెళ్తే దారి మన ఇంటికే వస్తుంది. రష్యన్ ‘ప్రియాతెల్’, పోలిష్ ‘ప్షియాచెల్’ ఒకే ప్రాచీన పదం రూపాలు. సంస్కృత ‘ప్రియ’, ఇంగ్లీషు ‘ఫ్రెండ్’ వాటికి దాయాదులు. ఉత్తరం మొదట్లో ‘ప్రియమైన’ అని రాసిన ప్రతిసారీ ఆ ధాతువే మన కలం మీదికి వస్తోంది.

అయితే రష్యన్‌లో ప్రాణమిత్రుడు ‘ద్రూగ్’. ప్రియాతెల్ అంతకంటే కాస్త ఎడం. ద్రూగ్‌కు చుట్టాలైన ప్రాచీన జర్మానిక్ మాటలు సైనిక దండును, యుద్ధసేవను సూచిస్తాయి. పక్కన నిలిచి పోరాడినవాడే మిత్రుడన్నమాట! ‘మరొకడు’ అనే అర్థంలోని ‘ద్రుగోయ్’ కూడా అందులోంచే వచ్చింది.

తెలంగాణ ‘దోస్తు’ పారశీకం నుంచి వచ్చింది. తెలుగు ‘నెయ్యం’ మాత్రం ‘స్నేహం’ తద్భవం. సంస్కృతంలో స్నేహమంటే నూనె, జిడ్డు కూడా.