మెరక నేలలో మరమ్మతు విద్య

చాలావరకు కృష్ణానదికి ఉత్తరాన, నల్లరాతి గుట్టల నడుమ పరచుకొన్న ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చరిత్రకారులు కరవులను గురించి, వలసలను గురించి, రైతాంగ పోరాటాన్ని గురించి విస్తారంగా రాశారు గాని, ఈ జిల్లాల బస్టాండ్ల పక్కన, మండల కేంద్రాల అంగడి వీధుల్లో దశాబ్దాలుగా సాగుతున్న మరమ్మతు వృత్తిని అంతగా పట్టించుకోలేదు. బోరు మోటరు వైండింగు, రేడియో, టీవీ, సెల్‌ఫోను, ట్రాక్టరు డైనమో అనేవి పైకి వేర్వేరు పనులుగా కనిపించినా, అవన్నీ ఒకే విద్యకు కొమ్మలు. చెడిన వస్తువును పూర్వస్థితికి తేవడం మరమ్మతు, దానిని కొత్త అవసరానికి అనువుగా మలచడం మార్పు అనుకొంటే, ఈ మెరక నేలలో ఆ రెండూ ఎన్నడూ విడిపోలేదు. యంత్రాన్ని తయారుచేసినవారు ఊహించిన కరెంటు గాని, నీరు గాని ఇక్కడ చాలాకాలం సక్రమంగా లేకపోవడమే అందుకు కారణం.

ఈ విద్యకు తొలి పాఠశాల రేడియో. నిజాం ప్రభుత్వం 1935లో హైదరాబాదు రేడియో కేంద్రాన్ని తన అధీనంలోకి తీసుకొని దక్కన్ రేడియోగా నడపగా, 1950లో అది ఆకాశవాణిలో భాగమైంది. గాజు వాల్వులతో పనిచేసే నాటి పెట్టెల్లో చాలావాటికి కరెంటు కావాలి గనుక అవి పట్టణాల సంపన్నుల ఇళ్లకే పరిమితం కాగా, బ్యాటరీ సెల్లులతో నడిచే ట్రాన్సిస్టర్ రేడియో వచ్చిన తరువాతనే పాట, వార్త, పంట ముచ్చట కరెంటు లేని పల్లెకూ చేరాయి. పల్లెకు చేరిన వస్తువు పల్లెలోనే బాగుపడవలసి వచ్చినప్పుడు రేడియో మెకానిక్కు అవసరం ఏర్పడింది. ఈ పని ఎక్కువగా ఉస్తాదు, షాగిర్దు పద్ధతిలోనే, అంటే గురువు పక్కన కూర్చొని చూసి నేర్చుకొనే పద్ధతిలోనే సాగింది. విడిభాగాలకు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ పెద్ద ఆధారమైంది.

1967లో హైదరాబాదులో నెలకొన్న ఈసీఐఎల్, అంటే భారత ఎలక్ట్రానిక్స్ సంస్థ, ఈ చరిత్రకు మరొక మలుపు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని దాదాపు 2,400 పల్లెలకు బోధనాత్మక టెలివిజన్ ప్రసారాలు అందించిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి; ఆ పల్లెలకు కావలసిన టీవీ పెట్టెలను తయారుచేసింది ఈసీఐఎల్. కోళ్ల గూళ్లకు వాడే జాలీతో చేసిన పెద్ద యాంటెన్నాను కప్పు మీద నిలిపి, అంతరిక్షం నుంచి వచ్చే సంకేతాన్ని పట్టిన ఆ ప్రయోగం, చేతికందిన వస్తువుతోనే గొప్ప పని చేయవచ్చునని దేశానికి చాటింది.

అయితే ఈ ప్రాంతపు మరమ్మతు విద్యకు ప్రాణం పోసింది బోరుబావి. ఎండిన చెరువులు, అడుగంటిన బావుల స్థానంలో సబ్‌మెర్సిబుల్ పంపులు, అంటే నీటిలో మునిగి ఉండి పనిచేసే మోటర్లు దిగినప్పటి నుంచి మోటరు కాలడం రైతుకు పంట ఎండడంతో సమానమైంది. మూడు ఫేజులలో ఒకటి పోయినప్పుడు మిగిలిన రెండింటి మీద భారం పడి, లాగవలసిన దానికన్నా ఎక్కువ కరెంటు లాగి మోటరు చుట్టలు మాడిపోతాయి. వైండింగు మిస్త్రీ ఆ మాడిన చుట్టను విప్పుతూ ఎన్ని గాడులు, గాడికి ఎన్ని చుట్లు, తీగ ఎంత గేజి అన్నది నోటు పుస్తకంలో రాసుకొంటాడు. తరువాత ప్లాస్టిక్ పూత గల రాగితీగను ఒక్కొక్క చుట్టుగా గాడుల్లోంచి లాగి, మీటరు పెట్టి చూసి, నీళ్ల తొట్టిలో ముంచి పరీక్షించి రైతుకు అప్పగిస్తాడు. కంపెనీల వారీగా, హార్స్‌పవర్ వారీగా నిండిన ఆ నోటు పుస్తకమే దుకాణానికి పెట్టుబడి, షాగిర్దుకు పాఠ్యగ్రంథం.

2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చినా అది రోజుకు కొన్ని గంటలే, అదీ తరచు రాత్రిపూటే వచ్చేది. చీకట్లో పొలానికి వెళ్లిన రైతులు పాముకాటుకు, కరెంటు షాకుకు బలైన దుఃఖం ఈ జిల్లాలకు కొత్త కాదు. కరెంటు రాగానే మోటరును తనంత తానే నడిపించే ఆటో స్టార్టరు, ఆ తరువాత ఫోను కాల్‌తో నడిపించే మొబైల్ స్టార్టరు ఆ దుఃఖం నుంచి పుట్టిన అవసరాలు. కంపెనీలు అమ్మే మొబైల్ స్టార్టర్లు కాక, చేతిపనిగా చేసుకొనే పద్ధతి కూడా ఒకటి ఉంది: పాత కీప్యాడ్ ఫోనులోని వైబ్రేటరును తీసివేసి, దానికి వెళ్లే రెండు తీగలను చిన్న ట్రాన్సిస్టర్ ద్వారా రిలేకు, అంటే స్వల్ప కరెంటుతో పెద్ద కరెంటును కలిపే మీటకు జోడిస్తారు. మిస్డ్ కాల్ రాగానే రిలే అంటుకొని స్టార్టరు పచ్చ బటన్‌ను నొక్కే పని చేస్తుంది. రాంగ్ నంబరుకు మోటరు నడవకుండా రైతు నంబరుకు మాత్రమే ఫోను స్పందించేలా అమర్చుకోవడం అందులోని మెళకువ. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు మొదలైనప్పుడు, భూగర్భజలం వృథా కాకుండా ఆటో స్టార్టర్లను తొలగించవలసిందిగా ప్రభుత్వమే రైతులను కోరింది. ఒక చిన్న పరికరం పాతాళ గంగ మట్టాన్నే ప్రభావితం చేయగలదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఈ పరంపరకు శిఖరం ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం కృషి. పోచంపల్లి చీరకు రంగు అద్దే ముందు నూలును మేకుల చుట్టూ అర్ధవలయంగా తిప్పే పనిని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు దాదాపు తొమ్మిదివేల సార్లు చెయ్యి ఆడించవలసిన ఆ పనిలో తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడే బాధను చూడలేక, బడి చదువు మధ్యలోనే ఆపిన మల్లేశం 1992లో యంత్రం చేయడం ప్రారంభించి, 1999లో పూర్తిచేశాడు. చివరి చిక్కుముడి వీడింది హైదరాబాదు బాలానగర్‌లో, ఒక పని మీద వెళ్లినచోట ఒక యంత్రపు కదలికను గమనించినప్పుడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. తరువాత ఎలక్ట్రానిక్స్‌ను సొంతంగా నేర్చుకొని యంత్రాన్ని మరింత మెరుగుపరిచిన ఆయనకు 2017లో పద్మశ్రీ లభించింది. యంత్రాన్ని పరిశీలించే కన్నే కొత్తదాన్ని కనిపెడుతుందనడానికి ఈ చరిత్రే సాక్ష్యం.

నేటి సెల్‌ఫోను మెకానిక్కు, వాహనాల ఎలక్ట్రీషియన్ ఈ వంశవృక్షంలోని తాజా కొమ్మలు. జిగురుతో అతికించిన బ్యాటరీలు, కంపెనీ సాఫ్ట్‌వేరు అనుమతి లేనిదే పనిచేయని విడిభాగాలు వారి చేతులను కట్టివేస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించడం మంచి అడుగే గాని, ఆ హక్కును ఆచరణలో నిలిపేది చిన్న దుకాణంలోని పనితనం. వైండింగు మిస్త్రీల నోటు పుస్తకాలు చిత్తు కాగితాలలో కలిసిపోకముందే వాటిని సేకరించి భద్రపరచడం, ఆ ఉస్తాదులను ఐటీఐ తరగతి గదులకు గురువులుగా పిలవడం ఈ రెండు జిల్లాల విద్యాసంస్థలు వెంటనే చేపట్టవలసిన పని.