సయాటికా నొప్పికి హోమియో గోలీలు వాడుతున్నారా..? ఈ లక్షణాలుంటే మాత్రం అస్సలు ఆగొద్దు!

నడుము దగ్గర మొదలై.. పిరుదు, తొడ వెనుక భాగం, పిక్క మీదుగా పాదం దాకా కరెంట్ షాక్ కొట్టినట్లు జివ్వుమని లాగేస్తుంది. దగ్గినా, తుమ్మినా ప్రాణం పోయినట్టు ఉంటుంది. ఇదే సయాటికా. వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ పక్కకు జరిగి, సయాటిక్ నరం మూలాలను నొక్కడమే చాలామందిలో దీనికి కారణం.

హోమియోలో ఏమిస్తారు?

హోమియోపతిలో జబ్బు పేరు కంటే నొప్పి తీరు చూసి మందు ఎంచుతారు. ఎక్కువగా వినిపించే పేర్లు ఇవీ..

* కోలోసింథిస్: కాలు ముడిచి, గట్టిగా అదిమితే హాయిగా ఉన్నప్పుడు
* మాగ్ ఫాస్: వేడి కాపడంతో నొప్పి తగ్గుతుంటే
* రస్ టాక్స్: లేవగానే పట్టేసి, నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంటే
* నాఫాలియం: నొప్పితో పాటు తిమ్మిరి ఉంటే

మరి పనిచేస్తాయా?

30సి మందు అంటే.. ఒక వంతుకు 99 వంతులు కలిపి పలుచన చేయడాన్ని 30 సార్లు చేసినట్టు. అందులో అసలు పదార్థం మిగిలే అవకాశం దాదాపు లేదు. ఏ జబ్బుకైనా హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారాలు లేవని ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2015లో తేల్చింది. ఇంకో విషయం.. సయాటికా చాలామందిలో కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. ఆ టైమ్‌లో ఏ గోలీ వేసుకున్నా, దాంతోనే తగ్గిందనిపిస్తుంది.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే

* మూత్రం రాకపోయినా, మల మూత్రాలపై అదుపు తప్పినా
* మర్మాంగాలు, తొడల లోపలి వైపు స్పర్శ తెలియకపోయినా
* పాదం పైకి లేవకపోయినా, రెండు కాళ్లూ బలహీనపడినా
* నొప్పితో పాటు జ్వరం ఉన్నా, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా

మొదటి రెండు లక్షణాలుంటే అత్యవసరంగా ఎమ్మారై, ఆపరేషన్ అవసరం కావచ్చు. గంటలు గడిచేకొద్దీ నరాలకు శాశ్వత నష్టం జరిగే ప్రమాదం ఉంది.

ఇంట్లో ఏం చేయాలి?

రోజుల తరబడి మంచానికే పరిమితం కావొద్దు. ఓర్చుకోగలిగినంత మేర నడవండి. ఒకేచోట గంటల కొద్దీ కూర్చోవద్దు, బరువులు ఎత్తొద్దు. ఫిజియోథెరపిస్ట్ చెప్పిన వ్యాయామాలు చేయండి. హోమియో వాడాలనుకుంటే ఆ సంగతి మీ డాక్టర్‌కు చెప్పండి, ఆయన రాసిన మందులు మాత్రం సొంతంగా ఆపేయొద్దు. కొన్ని వారాలైనా నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టర్‌ని లేదా న్యూరో డాక్టర్‌ని కలవడం మంచిది.