పొలిమేర దగ్గర కాపలా

ఆమధ్య మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పోలీసులు సమావేశం పెట్టారు. సీసీ కెమెరాలు పెట్టించుకోండి, కొత్త మనుషులు తిరిగితే కబురు చెయ్యండి, పగలంతా ఇంట్లో ఉండేది మీరే కాబట్టి ఆడవాళ్ళు ఓ కన్నేసి ఉంచండి - ఇదీ సారాంశం. హైదరాబాదులో ఈ కెమెరాల పథకం పేరు ‘నేను సైతం’. పాపం శ్రీశ్రీ! నా మనసు మాత్రం ‘ఆడవాళ్ళు ఓ కన్నేసి ఉంచండి’ దగ్గరే ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళ కిందట నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు నిజంగానే ఊళ్ళకు కాపలా కాశారు. అయితే వాళ్ళని అలా కాయమని ఏ పోలీసూ అడగలేదు.

ఆ కథ మనకి తెలిసిందే. అక్షరాస్యతా ఉద్యమం, రాత్రి బడులు, వాచకంలో ‘సీతమ్మ కథ’. దూబగుంటలో వర్ధినేని రోశమ్మా తోటి స్త్రీలూ సారా దుకాణం మూయించారన్న వార్త 1992లో ఊరూరికీ పాకింది. చీపుళ్ళూ కారప్పొడీ పట్టుకుని ఆడవాళ్ళు సారా బళ్ళకి అడ్డం నిలబడ్డారు. మనం అంతగా పట్టించుకోనిది ఒకటుంది. ఆనాటి చట్టం ప్రకారం నేరస్తులెవరు? సారా కాంట్రాక్టరు వేలంపాటలో హక్కు కొనుక్కున్నవాడు. ఆ ప్యాకెట్లు ఎన్టీఆర్ తొలి విడత పాలనలో ‘వారుణి వాహిని’ పేరుతో సర్కారే తెచ్చినవి. కాబట్టి దుకాణం తెరవడం నేరం కాదు, మూయించడమే నేరం. సారా బళ్ళకి పోలీసులు కాపలా వచ్చారు. పెళ్ళాన్ని కొట్టే మొగుడి మీద ఫిర్యాదుకి వెళితే ‘సంసారమన్నాక సర్దుకుపోవాలమ్మా’ అనే స్టేషను, సారా ప్యాకెట్టుకి మాత్రం కదిలొచ్చింది.

ఆడవాళ్ళు చేసింది నేరాన్ని నివారించే పనేనని నా వాదన. తన్నులు పడ్డాక ఫిర్యాదు చెయ్యడం కాకుండా, ఆ తన్నులు ఎక్కడ మొదలవుతాయో చూసుకుని అక్కడే అడ్డుపడ్డారు. మరి స్టేషనుకి ఎందుకు వెళ్ళలేదు అంటే, నాకు 1978 నాటి నల్లకుంట గుర్తొస్తుంది. రమీజాబీపై పోలీసుల అత్యాచారం, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ వాళ్ళ దెబ్బలకి చనిపోవడం, జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చినా రాయచూరు కోర్టులో వాళ్ళు నిర్దోషులుగా బయటపడడం. స్టేషను గడప తొక్కాలంటే ఆడవాళ్ళకి ఉండే బెరుకు ఊరికే పుట్టింది కాదు.

ఉద్యమం చేసిన ప్రతిదాన్నీ సమర్థించలేను. కొన్ని ఊళ్ళలో తాగినవాళ్ళకి జరిమానాలు వేశారు, గుండ్లు గీశారు. గుండు గీయించుకున్నది కాంట్రాక్టరు కాదు, కూలికి పోయే మగవాడు. ఉద్యమ చరిత్ర రాసేటప్పుడు ఈ పేజీని గబగబా తిప్పేస్తాం. నేనూ తిప్పాను, నా థీసిస్‌లో.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తేదీతో నేరం అవతలి పక్కకి మారింది. అమ్మేవాడు నేరస్తుడయ్యాడు. నిన్నటిదాకా పోలీసులు చెదరగొట్టిన ఆడవాళ్ళే నాటుసారా బట్టీల ఆచూకీ చెప్పాల్సిన సాక్షులయ్యారు. గెలుపే కదా అనిపిస్తుంది. కానీ అంతకుముందు ఏ రాత్రి ఏ దారిలో కూర్చోవాలో వాళ్ళే తేల్చుకునేవాళ్ళు. ఇప్పుడు కబురు చేసి, జీపు వస్తుందో రాదో ఎదురుచూడాలి. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో పోయింది. సారా మీద నిషేధం మిగిలింది, పల్లెల్లో బెల్టు షాపులు పుట్టుకొచ్చాయి.

తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శుల్ని నియమించి, 2021లో వాళ్ళకి మహిళా పోలీసు హోదా ఇచ్చింది. ఊళ్ళో ఉండే ఆడమనిషే పోలీసు కావడం చిన్న విషయం కాదు. అయితే బెల్టు షాపు నడిపేవాడి చుట్టాలే ఆ ఊళ్ళో పెద్దమనుషులైతే, ఆ అమ్మాయి ఎవరికి జవాబు చెప్పుకోవాలి?

కాలనీ సమావేశం చివర్లో ఒక ప్రశ్న అడిగాను. బస్తీలో దొంగతనంగా మందు అమ్మేవాడి మీద ఒకావిడ ఫోన్ చేస్తే, ఆమె పేరు అతనికి చేరదని హామీ ఏమిటి?

“అది ఎక్సైజు వాళ్ళు చూసుకుంటారు మేడమ్,” అన్నారు అధికారి. ఇక అందరూ టీలకి లేచారు.

నా వెనక వరసలో మా వీధిలో నాలుగిళ్ళు చేసుకునే ఆవిడ కూర్చుంది. బోర్డు మీద రాసిన నంబరు చీటీ మీద ఎక్కించుకుంటూ నన్ను మెల్లగా అడిగింది.

“ఫోన్ చేస్తే నా పేరు అడుగుతరా అమ్మా?”