విన్నవాడే విప్పాలి

మన ఆఫీసుల్లో రోజూ వినబడే మాట ఒకటుంది: "నా మెషీన్లో బానే పనిచేస్తోందే!" టెస్టరుకి కనిపించిన బగ్గు డెవలపరుకి కనిపించదు. కార్లకీ ఇదే జబ్బు. ఇంటి దగ్గర టకటకలాడిన బండి, మెకానిక్ ముందుకి వెళ్ళేసరికి పిల్లిలా కూర్చుంటుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్న వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు :)

ఈ చప్పుళ్ళని పట్టుకునే విద్య మా బెజవాడలో ఎలా పెరిగింది, ఇప్పుడు ఎక్కడ తెగిపోతోంది అన్నదే ఇక్కడి విషయం. దీనికి తాళంచెవి నాకు ఏ షెడ్డులోనూ కాదు, ఒక కోర్టు తీర్పులో దొరికింది.

మొదట ఊరి సంగతి. మద్రాసు - కలకత్తా రోడ్డు, హైదరాబాదు - బందరు రోడ్డు కలిసేది బెజవాడలో. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయి, దాని మీద రోడ్డు కూడా వచ్చింది. డెల్టా ధాన్యం, మనుషులు, సరుకులు అన్నీ ఈ ఊరి మీదుగానే పోవాలి. బస్సులు చాలావరకు ప్రైవేటు వాళ్ళవి. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. కృష్ణా జిల్లా బస్సు రూట్లని ఆర్టీసీకి అప్పగించే పథకం వచ్చింది. బస్సుల యజమానులు ఊరుకుంటారా? సుప్రీంకోర్టుకి వెళ్ళారు. అదే గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు. లా చదివిన వాళ్ళు ఎవర్నడిగినా చెప్తారు, అంత పేరున్న కేసు.

అక్కడ గొడవేమిటంటే, అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి. నిర్ణయం తీసుకున్నది రవాణా శాఖ కూడా చూస్తున్న ముఖ్యమంత్రి. 1958 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. మెజారిటీ తీర్పు రాసింది మన కోకా సుబ్బారావు గారే. ఒకరు విని ఇంకొకరు తేల్చేస్తే ఆ వినడం ఉత్త తంతే కదా అన్నది అందులోని ముఖ్యమైన వాదన. తర్వాత ముఖ్యమంత్రి స్వయంగా విని నిర్ణయం తీసుకున్నారు, మళ్ళీ కేసు పడినా మరుసటేడు కోర్టు ఆయనకి పక్షపాతం ఉందన్న వాదన ఒప్పుకోలేదు. అదంతా చరిత్ర.

నాకు మాత్రం ఈ తీర్పు బస్సు రూట్లకంటే బస్సు షెడ్డుకే బాగా అతుకుతుందనిపిస్తుంది. విన్నవాడు ఒకడు, విప్పేవాడు ఇంకొకడు అయితే చప్పుడు దొరకదు. ఎందుకు దొరకదో చూద్దాం.

1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు స్టెతస్కోపు కనిపెట్టాడు. అసలు గొప్పదనం ఆ గొట్టంలో లేదు. రోగి బతికున్నప్పుడు ఛాతీలో ఏ శబ్దం విన్నాడో రాసుకున్నాడు. ఆ రోగి చనిపోతే శవపరీక్షలో లోపల ఏముందో చూశాడు. ఈ శబ్దానికి ఈ జబ్బు అని జత కలపగలిగాడు. వినడం, విప్పి చూడడం రెండూ అతని దగ్గరే ఉన్నాయి కాబట్టి ఆ లెక్క కుదిరింది. మన భాషలో చెప్పాలంటే ఫీడ్‌బ్యాక్ లూప్ పూర్తయింది అన్నమాట.

మెకానిక్ చెవి తయారయ్యేదీ అచ్చం ఇలాగే. కాకపోతే బండి చచ్చిపోనక్కర్లేదు.

1960ల్లో పటమట దాటాక బందరు రోడ్డు పక్కన జవహర్ ఆటోనగర్ వచ్చింది. ఊళ్ళో వీధుల వెంట ఉన్న షెడ్లన్నీ ఒక చోటికి చేరాయి. ఆసియాలోనే పెద్దదని బెజవాడ వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. పెద్దదవడం ఒక ఎత్తు, పక్కపక్కన ఉండడం ఇంకో ఎత్తు. లేత్ మిషన్లు ఒక వీధిలో, కమాన్ కట్టలు ఇంకో వీధిలో, డీజిలు పంపులు, రేడియేటర్లు, టింకరింగు, లారీ బాడీలు అన్నీ నడిచి వెళ్ళే దూరంలోనే. ఇంజన్ విప్పిన కుర్రాడే అరిగిన క్రాంక్‌షాఫ్టుని లేత్ వాడి దగ్గరికి మోసుకెళ్ళాలి. ఎంత అరిగిందో అక్కడ మైక్రోమీటరు పెట్టి చూస్తారు. పొద్దున విన్న చప్పుడికి సాయంత్రానికల్లా ఒక అంకె దొరుకుతుంది. ఇలా పదేళ్ళు గడిస్తే ఆ చెవికి తిరుగుండదు.

వాళ్ళ పద్ధతులు చూస్తే మనం చేసే డీబగ్గింగే. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటారు. ఇంజన్ లోపల ఠకఠక వస్తుంటే ఒక్కో ప్లగ్గు వైరు పీకి చూస్తారు. ఏ సిలిండరు ఆపితే చప్పుడు తగ్గిందో దాని కనెక్టింగ్ రాడ్ బేరింగు పోయినట్టు. డీజిలు లారీ అయితే వైరుండదు కాబట్టి ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేస్తారు. టాపెట్ల చప్పుడైతే దేన్ని ఆపినా పెద్దగా మారదు. పైగా అది నిదానంగా వినిపిస్తుంది, ఎందుకంటే క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్టు ఒక్క చుట్టే తిరుగుతుంది. ఈ లెక్క మనకి కాలేజీలో బోర్డు మీద చెప్పారు, వాళ్ళకి చెవిలో పడింది. అంతే తేడా.

బండ్లు మారుతుంటే చప్పుళ్ళూ మారాయి. అంబాసిడర్ వెనక చక్రాలతో నడిచేది. క్లచ్ వదలగానే కాళ్ళ కింద టంగుమంటే ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు. వెనక కిర్రుకిర్రుమంటే కమాన్ కట్టలు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. ముందు చక్రాలే లాగే బండి, కింద ప్రొపెల్లర్ షాఫ్టే లేదు. పాత టంగు పోయి కొత్త టకటక వచ్చింది. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలిస్తే టకటకమందంటే డ్రైవ్ షాఫ్టు జాయింటు అరిగినట్టు. అంబాసిడర్ మీద చెవి పండిన మేస్త్రీలు కూడా మళ్ళీ ఒకటో తరగతి నుంచి నేర్చుకోవాల్సొచ్చింది. నేర్చుకున్నారు కూడా, ఎందుకంటే వినేదీ విప్పేదీ ఇంకా వాళ్ళే.

మరి తెగిందెక్కడ? కార్లు పెద్ద సర్వీసు సెంటర్లకి వెళ్ళడం మొదలయ్యాక. అక్కడ మన మాట వినేది టై కట్టుకున్న అడ్వైజరు. ఆయన జాబ్ కార్డు మీద "ముందు వైపు శబ్దం" అని మూడు ముక్కలు రాస్తాడు. ఆ కాగితం లోపలికి వెళ్తుంది, మనం అద్దం ఇవతల కాఫీ తాగుతాం. పానా పట్టుకున్న కుర్రాడు ఆ చప్పుడు విననేలేదు. సాయంత్రం కారు కడిగి ఇస్తారు, చప్పుడు అలాగే ఉంటుంది. ఆ కుర్రాడిని తప్పు పట్టలేం. స్టెప్స్ లేని బగ్ రిపోర్టిచ్చి ఫిక్స్ చెయ్యమంటే మనం మాత్రం చేస్తామా?

"ఇప్పుడు స్కానర్లున్నాయిగా" అంటారేమో. ఉన్నాయి. 2010 నుంచి ఓబీడీ, 2013 నుంచి ఓబీడీ-2 కొత్త కార్లకి తప్పనిసరి అయ్యాయి. సిలిండరు మిస్సయితే ఏ సిలిండరో కూడా చెప్తుంది. నాక్ సెన్సరు అని ఇంజన్‌కి ఒక చెవి కూడా ఉంది. కానీ ఆ చెవి వినమన్నదే వింటుంది. అరిగిన బాల్ జాయింటుకి, ఎండిపోయిన రబ్బరు బుష్షుకి సెన్సరు లేదు. అక్కడ స్కానరు "నో ఫాల్ట్" అంటుంది, చక్రం టక్కుమంటూనే ఉంటుంది.

ఇది డబ్బు గొడవ మాత్రమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. మా డెల్టాలో సగం రోడ్లు కాలవ గట్ల మీదే. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ... ఒక పక్క తారు, ఇంకో పక్క నీళ్ళు. బాల్ జాయింటు ఊడితే ముందు చక్రం పక్కకి పడిపోతుంది. అది గట్టు మీద జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

దీనికి తోడు 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగింది. సింగ్‌నగర్ చుట్టుపక్కల రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. ఎన్నో కార్లు మునిగాయి. మునిగిన కారుని కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చితే చూడ్డానికి బానే ఉంటుంది. కానీ చక్రాల బేరింగుల్లోకి బురద నీళ్ళు వెళ్తే గ్రీజు పాడై, తుప్పు మొదలవుతుంది. నెలలు గడిచాక గుయ్‌మని మోత. స్పీడుతో పెరుగుతుంది. స్టీరింగు ఎడమకి తిప్పినప్పుడు మోత ఎక్కువైతే సాధారణంగా కుడి బేరింగు, ఎందుకంటే బరువు కుడి వైపు పడుతుంది. చప్పుడు బయటపడే నాటికి బండి ఇంకో ఊళ్ళో, ఇంకొకరి చేతిలో ఉండొచ్చు. వాళ్ళకి బుడమేరు పేరు కూడా తెలియకపోవచ్చు.

కాబట్టి సెకండ్ హ్యాండ్ కారు కొనే మిత్రులకి నేను చెప్పేదిదే. మీరు వెళ్ళేసరికి ఇంజన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి, బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు ఒకసారి, కనీసం ఇరవై కిలోమీటర్లు నడిపి వేడెక్కాక ఇంకోసారి వినండి. చిక్కటి ఆయిలు పోసి బేరింగు చప్పుడు నొక్కేసే పాత చిట్కా వేడెక్కాక తేలిపోతుంది. అద్దాలు దించి, ఒక పొడుగాటి ప్రహరీ గోడ పక్కగా నెమ్మదిగా పోనివ్వండి, గోడ మీ చెవికి చప్పుడు తిప్పి పంపిస్తుంది. సీట్ల కింద పట్టాలకి తుప్పుందేమో, మ్యాట్ల కింద మట్టి వాసనుందేమో చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ బండిని రేపు విప్పబోయేది ఎవరో ఆయన్నే పక్క సీట్లో కూర్చోబెట్టుకోండి. సర్వీసు సెంటరైనా సరే, "పని చేసే అబ్బాయిని ఒక రౌండు నాతో పంపండి" అని గట్టిగా అడగండి. మొహమాటపడొద్దు. జాబ్ కార్డు మీద మూడు ముక్కలు రాసి పంపిస్తే ఆ వినడం ఉత్త తంతే.