160 అక్షరాల చాటింపు

పోయిన నెల ఊరెళ్ళినప్పుడు నాన్న ఫోన్ నా చేతికిచ్చి "పత్తి పైసలు పడ్డయా లేదా జర సూడు బిడ్డా" అన్నాడు. మాది దేవరకొండ వైపు.. ఒక పక్క నల్లగొండ, ఇంకో పక్క పాలమూరు. ఇన్‌బాక్స్ తెరిస్తే ప్లాట్లు, లోన్లు, రీచార్జ్ ఆఫర్లు. వాటన్నిటి కింద బ్యాంకు మెసేజ్, తొమ్మిది రోజుల కిందటిది! ఈ లోపల ఆయన కూలీలకి ఇవ్వడానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే నా ఉద్యోగంలో సగం ఇలాంటి మెసేజ్‌లు పంపే సాఫ్ట్‌వేర్ రాయడమే :)

ఇంతకీ ఈ గోల ఎక్కడ మొదలైందంటే.. 1985లో ఫ్రిడెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఇంజనీరు బాన్ నగరంలో తన ఇంట్లో టైప్‌రైటర్ ముందు కూర్చుని, తోచిన వాక్యాలన్నీ కొట్టి అక్షరాలు లెక్కపెట్టాడు. దాదాపు అన్నీ 160 లోపే వచ్చాయి. అదే హద్దయింది. మొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో వెళ్ళింది. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక ఫోన్ పల్లెలకి పాకింది. ముంబై, పూణెలకి వలసపోయిన పాలమూరు కూలీకి, ఇంటి దగ్గరున్న ముసలి తల్లికి మధ్య అదే దారమైంది.

ఆ దారం పట్టుకునే ప్రకటనలూ వచ్చాయి. పూర్వం ఊళ్ళో ఏదన్నా చెప్పాలంటే డప్పు చాటింపు ఉండేది. అది ఊరందరికీ ఒకేసారి, మనకొచ్చిన భాషలో వినపడేది. ఎస్సెమ్మెస్ చాటింపు అలా కాదు, నేరుగా జేబులోకి వస్తుంది. నా చిన్నప్పుడు నాన్న ఫోన్‌లో ఎవరూ అడక్కుండానే కాలర్ ట్యూన్ పడి నెలకి 30 రూపాయలు పోయేవి. బ్యాలెన్స్ ఎందుకు తరుగుతుందో ఆయనకి అర్థమయ్యేది కాదు. ఇలాంటి వాటికి రెండుసార్లు ఒప్పుకోలు తీసుకోవాలని ట్రాయ్ గట్టిగా చెప్పింది 2013లో.

ప్రకటనల మెసేజ్‌ల మీద ట్రాయ్ మొదటి నిబంధనలు 2007లో వచ్చాయి. 2011 సెప్టెంబర్ 27 నుంచి 1909 నంబరుతో కొత్త పద్ధతి పెట్టారు. అసలు ప్రకటనలే వద్దనుకుంటే 'స్టార్ట్ 0' అని ఇంగ్లీషులో పంపాలి. 2018 నిబంధనలు బ్లాక్‌చైన్ తెచ్చాయి.. పంపేవాడి పేరు, మెసేజ్ నమూనా ముందే నమోదు చెయ్యాలి. 2021 మార్చి 8న దాన్ని కచ్చితంగా అమలు చేసేసరికి దేశమంతా ఓటీపీలు ఆగిపోయాయి, మర్నాడే వారం రోజులు వాయిదా వేశారు. మన ఫీల్డ్‌లో వాళ్ళకి ఆ రోజు బాగా గుర్తుండే ఉంటుంది. 2025లో పంపేవాడి పేరు చివర ప్రకటనైతే 'పి', సేవైతే 'ఎస్' అని గుర్తు కూడా పెట్టించారు.

మంచిదే. కానీ ఆ పేరూ, ఆ 'పి' కూడా ఇంగ్లీషు అక్షరాలే! 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యత సుమారు 55 శాతం, నల్లగొండలో 64. అందులో ఇంగ్లీషు చదవగలిగేవాళ్ళు ఎంతమంది ఉంటారంటారు?

తెలుగులో పంపొచ్చు కదా అంటారా? ఇక్కడే ఉంది కిటుకు. ఒక ఎస్సెమ్మెస్‌కి 140 బైట్లే. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు, కాబట్టి 160 పడతాయి. తెలుగు యూనికోడ్‌కి 16 బిట్లు, కాబట్టి 70. పైగా వత్తు, గుణింతం, సున్నా అన్నీ విడివిడిగా లెక్కే. 'నల్లగొండ' చూడ్డానికి నాలుగక్షరాలు, లెక్కకి ఎనిమిది. ఇంగ్లీషులో రాసినా ఎనిమిదే.. కానీ అది 56 బిట్లు, ఇది 128. అంటే అదే మాటకి రెండింతలకి పైనే ఖర్చు. తెలుగుని 7 బిట్లలో ఇమిడ్చే పట్టికలు మొబైల్ ప్రమాణాల్లో ఉన్నాయి గానీ పెద్దగా వాడకంలోకి రాలేదు.

కంపెనీలకి ఈ సంగతి తెలీదనుకోకండి. 2007లో ఇఫ్కో, ఎయిర్‌టెల్ కలిసి రైతుల కోసం కిసాన్ సంచార్ పెట్టినప్పుడు మెసేజ్ బదులు స్థానిక భాషల్లో గొంతు వినిపించాయి. అంటే సరుకు అమ్మాలన్నా, సలహా చెప్పాలన్నా రైతుకి అర్థమయ్యే దారి వెతకొచ్చు. ఆయన డబ్బు ఆయనకి చేరిందని చెప్పడానికి మాత్రం ఖర్చు లెక్క అడ్డొస్తుంది.

నేనూ ఆ లెక్కే వేశాను. రెండేళ్ళ కింద మా టీమ్‌లో తెలుగు నమూనా ప్రస్తావన వస్తే "కాస్ట్ డబుల్ అవుద్ది" అని కొట్టేసింది నేనే. ఆ మిగిలిన పైసల్లో కొంత, తొమ్మిది రోజుల వడ్డీగా, మా నాన్నే కట్టాడని ఇప్పుడనిపిస్తోంది.

వచ్చే మీటింగ్‌లో ఆ నమూనా మళ్ళీ తెరుస్తాను. మీలో ఎవరన్నా ఇలాంటి పనిలో ఉంటే, ఈసారి ఇంటికెళ్ళినప్పుడు అమ్మదో నాన్నదో ఇన్‌బాక్స్ ఒక్కసారి చూడండి.