తెలంగాణమునకు వచ్చిన ఇటలీ

పసుపు ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపట్టి, కొమ్ము వేరు మండ వేరు చేసి బస్తాలకెత్తు ఆర్మూరు రైతునకు ఇటలీ దేశపు నగరములతో ఏమి పని అని శ్రోతలు అడుగవచ్చును. సంబంధము బజారులోనే ఉన్నది. ఉత్తర ఇటలీలో పాదువా అను పట్టణము కలదు. ఆ ఊరి నడిబొడ్డున, పదమూడవ శతాబ్ది ఆరంభమునాటికే, న్యాయస్థానము కొరకు ఒక మహాభవనమును కట్టినారు. పై అంతస్తులో న్యాయాధిపతులు, క్రింద అంగళ్లు. భవనమునకు ఒకవైపున కూరగాయల చౌకము, మరియొకవైపున పండ్ల చౌకము. ఎనిమిది వందల ఏండ్లు గడచినను బేరములు నేటికిని అక్కడనే సాగుచున్నవి. ఊరిలోని ఘనమైన కట్టడమునకును, గంపతో వచ్చిన పల్లెటూరి మనిషికిని నడుమ గోడ లేదు. ఆరబోసిన పసుపుమీద అకాలవర్షము కురియగా చూచిన రైతునకు, అంతటి కప్పు నీడలో సరుకు అమ్ముకొనుట ఎట్టి సుఖమో మేము చెప్పనక్కరలేదు.

ఇటువంటి చౌకమును ఇటలీవారు పియాజా అందురు. సియేనా నగరములో అది చిప్ప ఆకారమున, ఇటుకలు పరచిన వాలునేల. ఏటా జూలైలో ఒకమారు, ఆగస్టులో ఒకమారు దాని చుట్టును గుఱ్ఱపు పందెములు జరుగును. తక్కిన దినములలో జనము ఆ ఇటుకలమీదనే చతికిలబడి కబుర్లు చెప్పుకొందురు. సాయంకాలమైనచో ప్రతి ఊరిలోను ముసలివారు, పిల్లలు, కొత్త దంపతులు మంచిబట్టలు కట్టుకొని వీధిలో ఆ చివరనుండి ఈ చివరకు తిరుగుట వారికి ఒక ఆచారము. పరదేశమునుండి వచ్చి అక్కడ కాపురముండినవారు భవనముల అందమును ఎంత మెచ్చుకొన్నారో, ఆ అందము నడుమ నిత్యజీవితము సాగుటను అంతకంటె ఎక్కువగా మెచ్చుకొన్నారు.

జర్మను మహాకవి గోథే అట్టివారిలో ఒకడు. 1786లో ఆయన తన కొలువువారికి చెప్పకుండ బయలుదేరి ఇటలీ చేరి, 1788 వరకు ఉండిపోయినాడు. రోములో చిత్రకారులతో కలిసి ఒక ఇంట కాపురమున్నాడు. దారిలో విచెంజా అను ఊరిలో ఆగి చూచినది పల్లాడియో కట్టిన భవనములను. ఈ పల్లాడియో 1508లో, మనము చెప్పుకొన్న పాదువాలోనే, మరయాడించువాని ఇంట పుట్టి, రాళ్లు చెక్కు పనిలో చేరి, తుదకు యూరపుఖండమునకే వాస్తుగురువైనాడు. ఆయన 1570లో వెనిసులో అచ్చువేయించిన నాలుగు సంపుటముల వాస్తుగ్రంథము ఇంగ్లండు దొరలకు వేదమైనది. పాలరాతివలె కనుపించు ఆయన స్తంభములు పెక్కింటిలో లోపల ఉన్నది ఇటుకయే, పైన గచ్చుపూత. అందమునకు ధనమొక్కటే చాలదనియు, కొలతలు కుదిరినచో ఇటుకయు రాణించుననియు ఆయన చూపినాడు.

ఆ పల్లాడియో మన హైదరాబాదునకు 1803లో వచ్చినాడనవచ్చును. కోఠీలో బ్రిటిషు రెసిడెంటు జేమ్సు అకిలీసు కిర్కుపాట్రికు కట్టించుట మొదలిడిన రెసిడెన్సీ భవనము ఆ ఫక్కీలోనిదే. ఎత్తైన స్తంభముల ముఖమంటపము, వెడల్పైన మెట్లు, మెట్లకు ఇరువైపుల సింహములు. దీనిని గురించి ఒక ముచ్చట కలదు. కావలసిన స్థలమునకు పటము గీయించి ముందుంచగా నిజాం అలీఖాను ఒప్పుకొనలేదట. స్థలము పెద్దదై కాదు, పటము పెద్దదై! తన రాజ్యపు పటములే అంత పెద్దవి కావు గదా, ఇంత నేల ఎట్లిచ్చుట అని ఆయన సందేహము. అదే స్థలమును ఒక చిన్న అట్టమీద గీసి చూపగా వెంటనే అనుగ్రహించినారట.

కట్టించిన దొర 1805లోనే గతించినాడు. భవనము మాత్రము దొరతనమునకు గుర్తుగా నిలిచినది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అల్లావుద్దీను తమ అనుచరులతో వచ్చి ముట్టడించినది ఈ రెసిడెన్సీనే. విచెంజాలో వీధినపోవువాడు తలయెత్తి చూచు స్తంభములే ఇక్కడ ఫిరంగుల కాపుదలలో ఉండవలసివచ్చినవి. 1949లో ఉస్మానియా మహిళా కళాశాల అక్కడికి మారిన పిదప ఆ మెట్లను జిల్లాల నుండి వచ్చిన ఆడపిల్లలు ఎక్కినారు. 2022లో కళాశాల విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టినారు. పాలకుర్తిలో తన పంటను దొరనుండి కాపాడుకొన్న స్త్రీ పేరు, దొరలు కట్టిన భవనమునకు!

ఇక మొదటి సాలారుజంగు కథ. నిజాం సంస్థానమునకు ముప్పది ఏండ్లు దివానుగానున్న మీర్ తురాబ్ అలీఖాను 1876లో యూరపు వెళ్లినారు. విహారమునకు కాదు. 1853లో ఇంగ్లీషువారు తీసికొన్న బీరారును తిరిగి రాబట్టవలెనని ఆయన పట్టుదల. ఆర్మూరు మీదుగా నిర్మల, నాగపూరులకు పోవు బాటకు పడమటనున్నదే ఆ ప్రత్తి సీమ. ఇందూరు ప్రత్యేక జిల్లాయైనదియు ఆయన చేసిన ఏర్పాట్లలో, ఆ సంవత్సరముననే. పారిసులో మెట్లమీద జారి ఆయన కాలు విరిగినది. లండనులో విందులు జరిగినవి, ఆక్సుఫర్డువారు గౌరవపట్టమిచ్చినారు. బీరారు మాత్రము రాలేదు.

ఆ ప్రయాణములోనే రోములో ఆయన ఒక పాలరాతి విగ్రహమును కొన్నారు. జొవాన్ని మరియా బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కా. తనను పెండ్లాడబోవు ఇస్సాకును దూరమునుండి చూచి ఆమె ముసుగు వేసికొనినట్లు బైబిలు చెప్పును. ముసుగును ముఖమును ఒకే రాయి. అయినను రాతి వెనుకనుండి ముఖము కనుపించును. శిల్పి బేదకుటుంబమున పుట్టి, ఒక ప్రభువు ఆదరణతో రోములో విద్య నేర్చినవాడు. సాలారుజంగు వెళ్లునాటికి మూడేండ్ల క్రిందటనే గతించినాడు. ఆయన కార్ఖానాలో పెక్కుమంది శిష్యులుండిరి; ఈ విగ్రహమునకే ఇతర ప్రతులు అమెరికా మ్యూజియములలో ఉన్నవి. కనుక మన రెబెక్కా ఏకైకమని గర్వింపనక్కరలేదు. నేర్పు అందువలన తగ్గదు.

ఆ విగ్రహము డెబ్బదియైదేండ్లు ఒక కుటుంబపు సొత్తుగానే ఉన్నది. సంతానములేని మూడవ సాలారుజంగు 1949లో మరణించిన తరువాత, 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూగారు మ్యూజియమును ప్రారంభించినారు. 1968లో అది మూసీ ఒడ్డున నేటి భవనమునకు మారినది. నిజామాబాదు బడిపిల్లలు బస్సు దిగి మొదట అడుగునది గంటలు కొట్టు గడియారమునైనను, రెబెక్కా ముందు వారును కొంతసేపు మాటలు మానుదురు.

1884లో మొదలై తొమ్మిదేండ్లు కట్టిన ఫలక్‌నుమా భవనమునకు ఇటలీ పాలరాయిని ఎంతో తెప్పించినారు. అది 2010 నుండి హోటలు. బాడుగ చెల్లించువారు చూచుచున్నారు.

మెదకు చర్చి కథ వేరు. 1914లో మొదలై 1924 క్రిస్మసునాడు ప్రారంభమైన ఆ కట్టడమును కరవు కాలమున పోస్నెట్టు పాదిరి ఆకలిగొన్నవారికి పని కల్పించి, కూలికి అన్నముపెట్టి కట్టించినాడు. పొడవు రెండువందల అడుగులు, గోపురము నూట డెబ్బదియైదడుగులు. రూపము ఇంగ్లీషువారి గోథికు పద్ధతి. నేలమీది రంగుల పలకలు బ్రిటనునుండి వచ్చినవి. వాటిని చిత్రములుగా పేర్చినవారు ఇటలీనుండి వచ్చిన తాపీపనివారు. రాళ్లు మోసినవారు మన పల్లెలవారు. రాజునకుగాని దివానునకుగాని కాక, మోసినవారే నడచుటకు ఇటలీ చేతులు మన సీమలో పరచిన నేల ఇది.

ఆర్మూరునుండి వెళ్లువారు కామారెడ్డి మీదుగా పోవచ్చును. క్రిస్మసు దినములలో ఆ ఆవరణము తిరునాళ్లవలె ఉండును. క్రైస్తవులు కానివారును పిల్లాపాపలతో వత్తురు. లోపల రంగుటద్దములగుండ పగటివెలుగు ఆ పలకలమీద పడుచుండును. బయట చెట్లక్రింద చద్దిమూటలు విప్పుకొందురు, బొమ్మలు అమ్మువారు కేకలువేయుచుందురు.