ముయిర్ వుడ్స్‌లో ఒక రోజు

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఎక్కడెక్కడ తిప్పాలన్నది మనందరికీ ఉండే సమస్యే. గుళ్ళు, మాల్స్, గోల్డెన్ గేట్ వంతెన అయిపోయాక, తిరుగు ప్రయాణం వారం ఉందనగా మా నాన్నగారు "ఇక్కడి అడవి ఒకటి చూపించరా" అన్నారు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. సందేహిస్తూనే పిల్లలతో సహా ముయిర్ వుడ్స్‌కు బయల్దేరాం. మీకూ పనికొస్తాయని ఈ వివరాలు రాస్తున్నాను.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరంగా సుమారు 12 మైళ్ళు వెళ్ళాలి. 2018 నుంచి పార్కింగ్‌కు ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. అక్కడ సెల్‌ఫోన్ సిగ్నల్ ఉండదు. ఈ సంగతి తెలియక నేను మళ్ళీ కొండెక్కి, సిగ్నల్ దొరికాక రిజర్వేషన్ డౌన్‌లోడ్ చేసుకుని వచ్చాను. మీరు ప్రింటు తీసుకెళ్ళండి. వేసవిలో కూడా స్వెట్టర్లు ఉండాలి. లోపల భోజనాలు కుదరవు. మా పులిహోర, పెరుగన్నం దగ్గర్లోని ముయిర్ బీచ్‌లో తిన్నాం.

ఇక్కడి రెడ్‌వుడ్ చెట్లలో అన్నిటికన్నా పొడవైనది సుమారు 258 అడుగులు. ఎక్కువ చెట్ల వయసు 500 నుంచి 800 ఏళ్ళు. ఇంత చెట్టుకూ విత్తనం టమాటా గింజంతే! వేళ్ళు లోతుకు పోవు. పక్కలకు పాకి ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. మందపాటి బెరడు మంటల నుంచి కాపాడుతుంది. వానల్లేని వేసవిలో సముద్రం మీంచి వచ్చే పొగమంచే వీటికి నీరు.

ఒకప్పుడు ఈ తీరమంతా ఇలాంటి అడవులే. కలప కోసం నరికేయగా పాత అడవిలో మిగిలింది సుమారు 5 శాతం. విలియం కెంట్ దంపతులు 1905లో 45,000 డాలర్లకు ఈ చోటు కొన్నారు. 1907లో ఒక నీటి కంపెనీ ఇక్కడ ఆనకట్ట కట్టబోతే, కెంట్ 295 ఎకరాలు ప్రభుత్వానికి దానమిచ్చి అడవిని కాపాడారు. 1908లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. కెంట్ పేరే పెడతామంటే, తన పేరు నిలపడానికి కొడుకులున్నారని చెప్పి, ప్రకృతి ప్రేమికుడు జాన్ ముయిర్ పేరు పెట్టించారాయన.

దారి చదునుగా ఉంది, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. నాన్నగారు మెల్లగా రెండో వంతెన దాకా నడిచారు. అక్కడ కొన్ని చెట్లు గుండ్రంగా నిలబడి ఉన్నాయి. మధ్యలోని తల్లి చెట్టు పోతే, దాని మొదలు చుట్టూ వచ్చిన పిలకలే అలా పెరుగుతాయని చెప్పాను.

"తల్లి పోయినా పిల్లలు చోటు వదల్లేదన్నమాట" అన్నారు నాన్నగారు.

నాకేమనాలో తెలియలేదు. మా అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని "తాతయ్యా, నాలుగో వంతెన దాకా వెళ్దామా?" అంది.

"ఈసారికి ఇంతే తల్లీ. మోకాలు ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ వస్తాను, అప్పుడు వెళ్దాం" అన్నారు.

మీ పెద్దవాళ్ళు వచ్చినప్పుడు ఈ అడవిని చివరి వారానికి వదలకండి. మొదట్లోనే చూపిస్తే, ఇంకోసారి వెళ్ళడానికి రోజులు మిగులుతాయి.